రాజీ – రాజీనామా: గెలుపెవరిది?

"రాజీ" అన్న మాట ఉర్దూలోనూ కలదు, తెలుగులోనూ కలదు. ఉర్దూ న్యాయస్థానాల పరిభాషలో "రాజీనామా" అనగా ఉభయ పక్షాలు సమ్మతించి వ్రాసుకొన్న ఒడంబడిక. అదే మాట తెలుగులోనికి వచ్చి, ఉద్యోగం విడిచిపోతూ ఇచ్చే పత్రమైనది. రెండు భాషలూ పక్కపక్కన నడిచే మన కళాశాలలో ఈ అర్థభేదం వినోదంగా తోచవచ్చును. కాని పనిచేసే చోట లైంగిక వేధింపునకు గురియైన స్త్రీ విషయంలో ఈ రెండర్థాలూ తరచు ఒకే కాగితం మీద కలుస్తూ ఉంటాయి. రాజీ కుదిరిన నాటితోనే ఆమె కొలువు కూడా ముగుస్తుంది.

ప్రసిద్ధ వ్యక్తులపై వచ్చిన ఇట్టి దావా ఏదైనా రాజీ అయినప్పుడు పత్రికలు ముందుగా సొమ్ము ఎంతో ప్రకటిస్తాయి. ఆ అంకె చూచి కొందరు ఆమె గెలిచినదంటారు. నేరం ఋజువు కాలేదు గనుక ఆయనే గెలిచినాడని మరికొందరు వాదిస్తారు. ఎవరు ఏమి ఇచ్చారు, ఏమి పుచ్చుకొన్నారు అని లెక్క తీసినగాని ఈ వివాదం తేలదు. ఆ లెక్కను పాఠకుల ముందుంచుటయే మా ఉద్దేశం.

అమెరికాలో 2016 జూలైలో గ్రెచెన్ కార్ల్‌సన్ అనే టెలివిజన్ వ్యాఖ్యాత, ఫాక్స్ న్యూస్ సంస్థకు అధిపతియైన రోజర్ ఎయిల్స్‌పై దావా వేసినది. ఆయన ఆరోపణలను ఖండించినాడు. అయినను ఆ నెలలోనే పదవి విడువవలసి వచ్చినది. సెప్టెంబరులో రాజీ కుదిరినది. ఆమెకు 2 కోట్ల డాలర్లు ముట్టినట్లు పత్రికలు వ్రాసినవి. మాతృసంస్థ బహిరంగంగా క్షమాపణ చెప్పినది. ఇంతవరకు చూచిన ఆమెదే విజయం. కాని పదవి వీడిన అధిపతికి సుమారు 4 కోట్ల డాలర్లు దక్కినట్లు కూడా అవే పత్రికలు వ్రాసినవి. అంతేగాక, తనకు జరిగినదేమిటో తన నోట చెప్పుకొనే స్వేచ్ఛను ఆమె ఆ ఒప్పందంలో వదులుకోవలసి వచ్చినది.

ఇంతకు పూర్వపు ఉదాహరణ మరింత బోధకం. 1998లో హాలీవుడ్ నిర్మాత హార్వీ వైన్‌స్టీన్ వద్ద పనిచేసిన ఇద్దరు యువతులు లండన్‌లో రాజీపత్రంపై సంతకం చేశారు. ఇద్దరికీ కలిపి రెండున్నర లక్షల పౌండ్లు లభించినవి. ఆ ఒప్పందం ప్రతిని తన వద్ద ఉంచుకొనుటకు కూడా వీలు లేకపోయినదని వారిలో ఒకరైన జెల్డా పర్కిన్స్ తరువాత వెల్లడించినది. 2017లో ఆమె ఆ కట్టుబాటును ధిక్కరించి మాట్లాడేవరకు పందొమ్మిదేళ్లు గడిచినవి. ఆ పందొమ్మిదేళ్లలో ఆయన కార్యాలయంలో కొత్తగా చేరిన ఏ యువతికీ ముందున్న వారి అనుభవం తెలిసే మార్గం లేదు.

ఇప్పుడు లెక్క చూతము. రాజీపడిన స్త్రీని నిందించుట తగదు. సంవత్సరాల తరబడి వ్యాజ్యం నడుపుట, న్యాయవాదులకు రుసుము చెల్లించుట, నలుగురిలో తన శీలంపై ప్రశ్నలు ఎదుర్కొనుట ఎంత దుర్భరమో అనుభవించిన వారికే తెలియును. రాజీ ఆమెకు ఊపిరి పీల్చుకొనే అవకాశం. సంస్థకు దక్కేది మౌనం. అది వ్యాపార ఖర్చులలో ఒక పద్దు మాత్రమే. నిందితునికి దక్కేది తీర్పు లేకుండా తప్పించుకొనే దారి. వీరందరూ ఏదో ఒకటి పుచ్చుకొన్నవారే. ఏమీ పుచ్చుకోకుండా పూర్తిగా నష్టపోయే వ్యక్తి మరొకరు కలరు. ఆమె రేపు అదే కుర్చీలో కూర్చొనబోయే స్త్రీ. ఒప్పందం వ్రాసేటప్పుడు ఆమె ఆ గదిలో ఉండదు. మూల్యంలో పెద్దభాగం మాత్రం ఆమెయే చెల్లిస్తుంది.

ఉప్పాడ వాసులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. రాళ్లు పోసి గోడ కట్టిన చోట ఒడ్డు నిలుస్తుంది. కెరటం మాత్రం ఊరుకొనదు. గోడ లేని పక్క ఒడ్డును కోసుకొని పోతుంది. మౌనంతో కుదిరిన రాజీ కూడా ఇట్టి గోడయే.

ఈ లోపాన్ని గుర్తించి అమెరికా 2022లో రెండు చట్టాలు చేసినది. ఒకటి, వేధింపు ఫిర్యాదులను న్యాయస్థానానికి పోనీయకుండా రహస్య మధ్యవర్తుల ముందుకే నెట్టే షరతులను బాధితురాలు తిరస్కరించవచ్చునన్నది. రెండవది, వివాదం రాకముందే వ్రాయించుకొన్న మౌనపు షరతులు అట్టి కేసులలో చెల్లవన్నది. ఈ చట్టాల కోసం పాటుపడిన వారిలో కార్ల్‌సన్ ముఖ్యురాలు. అయినను వివాదం వచ్చిన పిమ్మట రాజీలో వ్రాసుకొనే మౌనాన్ని రెండవ చట్టం తాకలేదు.

మన దేశపు చట్టం వేరొక మార్గం పట్టినది. రాజస్థాన్‌లో ప్రభుత్వ కార్యక్రమంలో పనిచేస్తూ బాల్యవివాహాన్ని అడ్డుకొనబోయిన భన్వరీ దేవిపై 1992లో జరిగిన అత్యాచారం తరువాత, కొన్ని సంస్థలు సుప్రీంకోర్టును ఆశ్రయించగా 1997 ఆగస్టు 13న విశాఖ తీర్పు వెలువడినది. దాని ఆధారంగా 2013లో పార్లమెంటు చట్టం చేసినది. ఆ చట్టం 10వ సెక్షన్ ప్రకారం విచారణకు ముందు రాజీ యత్నం చేయవచ్చును. కాని బాధితురాలు కోరితేనే. డబ్బు ఆధారంగా రాజీ కుదుర్చరాదు. రాజీ షరతులను ఎదుటివాడు ఉల్లంఘిస్తే విచారణ జరుగవలసినదే. విచారణలో ఆరోపణ ఋజువైన పిమ్మట నష్టపరిహారం మాత్రం ఇప్పించవచ్చును. పరిహారం నిజం తేలిన తరువాత వచ్చేది. మౌనపు ధర నిజం తేలకుండా ఉండుటకు ఇచ్చేది. ఈ భేదమే ఆ సెక్షన్‌కు ప్రాణం.

చట్టం ఫిర్యాదుదారు పేరును, విచారణ వివరాలను గోప్యంగా ఉంచమన్నది. అది ఆమె రక్షణ కొరకే. జరిగిన న్యాయాన్ని పేర్లు, ఆనవాళ్లు లేకుండా ప్రకటించుటకు 16వ సెక్షన్ అనుమతిస్తున్నది. ఎన్ని ఫిర్యాదులు వచ్చినవో యజమాని వార్షిక నివేదికలో చూపవలెనని 22వ సెక్షన్ చెప్పుచున్నది. వ్యక్తి పేరు దాచుట వేరు, వాస్తవాన్ని పాతిపెట్టుట వేరు.

మన చిత్రసీమనే చూడుడు. 2018 ఏప్రిల్‌లో ఒక నటి హైదరాబాదులో ఫిల్మ్ ఛాంబర్ ఎదుట నిరసన తెలుపగా దేశమంతటా చర్చ జరిగినది. 2019లో తెలంగాణ ప్రభుత్వం కమిటీ నియమించినది. ఉపసంఘం నివేదిక 2022లో అందినది. 2024 ఆగస్టులో నటి సమంత దానిని బయటపెట్టవలెనని కోరేనాటికి కూడా అది ప్రజల ముందుకు రాలేదు. కేరళలో 2019 డిసెంబరులో సమర్పించిన జస్టిస్ హేమ కమిటీ నివేదిక, పేర్లు తొలగించి, 2024 ఆగస్టు 19న వెలువడినది. బీరువాలో ఉన్న నివేదిక కూడా ఒక రాజీయే. అందులో బాధితురాలి సమ్మతి కూడా ఉండదు.

నేరమైన వేధింపు ఇద్దరి సొంత వ్యవహారం కాదని సుప్రీంకోర్టు 2024 నవంబరులో స్పష్టం చేసినది. రాజస్థాన్‌లో ఒక బాలిక తండ్రికి, నిందితుడైన ఉపాధ్యాయునికి మధ్య రాజీ కుదిరినదని హైకోర్టు కేసును కొట్టివేసినది. దానిపై అప్పీలు చేసినది ఆ కుటుంబం కాదు, బయటివారు. సుప్రీంకోర్టు వారి మొర ఆలకించి కేసును పునరుద్ధరించినది. అదే బడికి రేపు పోవలసిన బిడ్డల పక్షాన అది వెలువడినదని మేము భావిస్తున్నాము.

ఇక మన ఊరి మాట. జమదానీ చీరలు నేసే ఇండ్లు, రొయ్యపిల్లల హేచరీలు, చేపల వ్యాపారపు కొట్లు, చిన్న దుకాణాలు – వీనిలో పదిమందికి తక్కువగా పనిచేసేవి అనేకం. అట్టి చోట లోపలి కమిటీ ఉండదు. జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చును. యజమానియే నిందితుడైనను అక్కడికే పోవలెను. గడువు మూడు నెలలు. తగిన కారణం చూపిన మరి మూడు నెలలు పొడిగిస్తారు. ఈ కమిటీలను 2025 జనవరి నెలాఖరులోగా ఏర్పరచవలెనని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో ఆదేశించినది. ఈ సంగతి తెలియకపోతే పెద్దమనుషుల తగవే శరణ్యం. ఆ తగవులో సాధారణంగా అమ్మాయి పని మానివేస్తుంది, మేస్త్రీ పనిలోనే ఉంటాడు.

కావున విద్యార్థినీ విద్యార్థులు ఏ రాజీని గురించి విన్నను మూడు ప్రశ్నలు వేయవలెను. రాజీ అడిగినది ఆమెయా, అడిగించినది మరొకరా? కొలువులో మిగిలినది ఎవరు? తరువాత రాబోయే స్త్రీకి ఏమి తెలిసినది? ఈ మూడింటికి సరియైన జవాబు ఉన్నచోట రాజీ న్యాయమగును. లేనిచోట ఎంత సొమ్ము ముట్టినను అది పక్క ఒడ్డుకు కోతయే.

కళాశాల కమిటీ వారికి మా మనవి ఒకటి. యు.జి.సి. 2015 నిబంధనల ప్రకారం ప్రతి కళాశాలలోనూ అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండవలెను. విద్యార్థుల విషయమైనప్పుడు అందులో విద్యార్థి ప్రతినిధులకు స్థానం కలదు. ఆ సభ్యుల పేర్లను తెలుగులోనూ ఉర్దూలోనూ నోటీసు బోర్డుపై ఉంచవలెను. సంవత్సరాంతమున ఎన్ని ఫిర్యాదులు వచ్చినవో, ఎన్ని పరిష్కారమైనవో, పేర్లు లేకుండా, అంకెలలో ప్రకటించవలెను. అంకె సున్న అయినను ప్రకటించుటయే మేలు. వచ్చే సంవత్సరం మన కళాశాలలో చేరబోయే అమ్మాయి చదువుకొనుటకు ఆ అంకె అక్కడ ఉండవలెను.