కరివేపాకే... కానీ తీసిపారేయలేం!

'కూరలో కరివేపాకులా తీసిపారేశారు' అని అలగడం మనకు మామూలే. కంచం అంచుకి చేరేది అదే కాబట్టి ఆ మాట పుట్టింది. కూరగాయలన్నీ కొన్నాక 'కాస్త కరివేపాకు కూడా వెయ్యవయ్యా' అని కొసరుగా అడిగి తెచ్చుకుంటాం. పెరట్లో చెట్టుంటే పక్కింటివాళ్లకీ మనదే సరఫరా! అలాంటి ఆకు కోసం అమెరికాలో గంటసేపు కారు నడుపుకొంటూ ఇండియన్‌ స్టోరుకి వెళ్లేవాళ్లున్నారు. తీరా వెళ్తే కవరులో నల్లబడిన నాలుగు రెమ్మలు... అవీ లెక్క చూసి డాలర్లిచ్చి కొనుక్కోవాలి.

మిగతావాటికి అక్కడ పెద్దగా లోటు లేదు. షికాగోలో 1974లో పటేల్‌ బ్రదర్స్‌ దుకాణం తెరిచిన నాటి నుంచీ కందిపప్పు, చింతపండు, ఇంగువ ఒక్కొక్కటే అమెరికా అల్మారాల్లోకి చేరిపోయాయి. గోంగూరకైతే తోడు కూడా దొరికింది. బర్మావాళ్లకీ అది ప్రాణమే! 2007లో మన మామిడిపండుకీ గేట్లు తెరిచారు. చిక్కల్లా కరివేపాకుతోనే.

నిమ్మకు దగ్గర చుట్టం

పాపం, ఆకు తప్పేం లేదు. కాకపోతే దాని చుట్టరికం అలాంటిది. నిమ్మ, బత్తాయి, వెలగ... ఇవన్నీ ఏ కుటుంబమో కరివేపాకూ ఆ కుటుంబమే. సిట్రస్‌ సిల్లిడ్‌ అనే పురుగుకి దీని లేతచిగుళ్లంటే మహా ఇష్టం. బియ్యపుగింజంత కూడా ఉండదది. కానీ నారింజ చెట్లకు సిట్రస్‌ గ్రీనింగ్‌ తెగులుని మోసుకెళ్లేది ఇదే. తెగులు తగిలితే కాయలు వంకరపోతాయి, సరిగా రంగు తిరగవు, చేదెక్కుతాయి. కొన్నేళ్లకు చెట్టే పోతుంది. మందు లేదు.

ఫ్లోరిడాలో ఈ తెగులు 2005లో బయటపడింది. అంతకుముందు 2003-04లో అక్కడ 24 కోట్ల పెట్టెల నారింజలు పండాయి. 2022-23లో వచ్చినవి రెండు కోట్ల పెట్టెలు కూడా లేవు. ఆ ఏడాది తుపాను దెబ్బ కూడా తోడైంది కానీ, అసలు నడుం విరిచింది తెగులే. తోటలమ్ముకున్న రైతు కడుపుమంట మనవాళ్లకు ఒకరు చెప్పాలా? విమానాశ్రయంలో అధికారులు ఓ రెమ్మ మీద అంత పట్టుదలకు పోవడం చాదస్తమని తీసిపారేయలేం.

నాలుగు రెమ్మలే కదే!

అయినా అమ్మ మనసు ఊరుకుంటుందా? సూట్‌కేసులో చీరల మధ్య, న్యూస్‌పేపర్లో చుట్టి... 'అమ్మా, కరివేపాకు మాత్రం పెట్టకు' అని కూతురు ఫోన్లో మొత్తుకుంటున్నా, 'నాలుగు రెమ్మలే కదే, ఎవరు చూస్తారు' అంటుంది. చూసేవాళ్లు కాదు, వాసన పట్టేవాళ్లున్నారు! బీగిల్‌ జాతి కుక్కల్ని 1984లో లాస్‌ఏంజెలిస్‌ విమానాశ్రయంలో మొదటిసారి ఈ పనికి పెట్టారు. పెట్టె పక్కన బుద్ధిగా కూర్చుందంటే లోపల ఏదో ఉన్నట్టే. ఫారంలో రాయకుండా దొరికితే వందల డాలర్ల జరిమానా. ముందే చెబితే ఆకు చెత్తబుట్టలోకి పోతుంది, అంతే. అత్తామామల ప్రయాణానికి పెట్టెలు సర్దేవాళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే చాలు.

నాలుగు రెమ్మలతో ఏమవుతుందనేవాళ్లకు ఫ్రెస్నో సంగతి చెప్పాలి. 2009లో ఆ కాలిఫోర్నియా పట్టణంలో ఓ పార్సిళ్ల కేంద్రంలో తనిఖీ కుక్క ఓ సంచి దగ్గర ఆగింది. లోపల ఇండియా నుంచి వచ్చిన కరివేపాకు. దాని మీద సిల్లిడ్‌ పురుగులు. పరీక్షిస్తే వాటిలో తెగులు క్రిమి కూడా ఉంది! ఆ సంచి ఏ పెరటికి చేరి ఉంటే ఏమయ్యేదో... మూడేళ్లకే, 2012లో, లాస్‌ఏంజెలిస్‌ దగ్గర హసియెండా హైట్స్‌లో ఓ ఇంటి పెరటి చెట్టులో ఈ తెగులు కనిపించనే కనిపించింది.

తమాషా ఏంటంటే, పురుగుకి విడిది ఇచ్చే కరివేపాకు మొక్కకు ఆ తెగులు అంటదు. అందుకే శాస్త్రవేత్తలూ దాన్నే ఆశ్రయించారు. సిల్లిడ్‌ని చంపే బుల్లి కందిరీగల్ని పాకిస్థాన్‌లోని పంజాబ్‌ నుంచి తెప్పించి, 2011 నుంచి కాలిఫోర్నియాలో వదులుతున్నారు. వాటికి మేతగా సిల్లిడ్లను పెంచింది కరివేపాకు మొక్కల మీదే!

కుండీలో బంగారం

ఇక మిగిలిన దారి... మొక్క పెంచుకోవడం. నారింజ పండే రాష్ట్రాల్లో దానికీ ఆంక్షలున్నాయి. క్వారంటైన్‌ ప్రాంతంలో ఉంటే ఇల్లు మారేటప్పుడు కుండీని వెంట తీసుకుపోవడానికి వీల్లేదు. సోఫా వస్తుంది, టీవీ వస్తుంది, పదేళ్లు పెంచిన కరివేపాకు మాత్రం రాదు. వెళ్లేరోజున ఆకంతా దూసి కారప్పొడి కొట్టుకోవడమే.

న్యూజెర్సీ, షికాగో వైపు సమస్య వేరు. అక్కడ చలే శత్రువు. రాత్రిళ్లు చలి ముదిరేసరికి కుండీ ఇంట్లోకి రావాల్సిందే. ఎండ తగిలే కిటికీ దగ్గర పెద్దపీట దానికే. అమ్మ ఫోన్లో చెప్పిందని పుల్లమజ్జిగ పోసేవాళ్లూ ఉన్నారు. ఎంత చేసినా డిసెంబరు, జనవరికల్లా ఆకులు పండి రాలిపోతాయి. ఉత్త పుల్ల మిగులుతుంది. కొత్తగా వెళ్లినవాళ్లు చచ్చిపోయిందనుకుని పారేసేది అప్పుడే. తెలిసినవాళ్లు పారేయరు. నీళ్లు తగ్గించి, గోటితో కొమ్మ బెరడు కాస్త గీకి చూస్తారు. లోపల పచ్చగా కనిపిస్తే కుండీని మళ్లీ కిటికీ దగ్గరికి జరిపి, ఎండల కోసం ఎదురుచూస్తారు.