కుక్కకు నమ్మకం, ఇంటికి క్షేమం

ఆరోగ్య పత్రికలో కుక్కల పెంపకం గురించి రాయడమేమిటని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. కుక్కకాటుతో ఆసుపత్రికి వచ్చే పిల్లలను చూసినవారికి ఆ సందేహం రాదు. "ఏ కుక్క కరిచిందమ్మా?" అని నర్సు అడిగితే "మా ఇంటి కుక్కేనండీ, ఎప్పుడూ అలా చేయలేదు" అని చెప్పే తల్లులు ఉంటారు. వీధి కుక్కల గురించి అందరం మాట్లాడుకుంటాం. ఇంట్లో పెరిగే కుక్క ఎందుకు కరుస్తుందో, కరవకుండా దాన్ని ఎలా పెంచాలో మాత్రం చాలా తక్కువగా ఆలోచిస్తాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం రేబీస్ వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది చనిపోతున్నారు. మనుషులకు వచ్చే రేబీస్‌లో 99 శాతం వరకు కుక్కల ద్వారానే వస్తుంది. రేబీస్ అనుమానమున్న జంతువులు కరిచినవారిలో దాదాపు 40 శాతం మంది 15 ఏళ్లలోపు పిల్లలే. కాబట్టి కుక్కను మంచిగా పెంచడం ఇంటిల్లిపాది ఆరోగ్యానికి సంబంధించిన విషయమే.

కుక్క ఎలా నేర్చుకుంటుంది?

ఒక పని చేస్తే మేలు జరిగితే కుక్క ఆ పని మళ్లీ చేస్తుంది. మేలు జరగకపోతే మెల్లగా మానేస్తుంది. దాని చదువంతా ఇంతే. అయితే పని జరిగిన వెంటనే, ఒకటి రెండు సెకన్లలోపే ఫలితం కనబడాలి. ఆలస్యమైతే దేనికి మెచ్చుకున్నారో, దేనికి కోప్పడ్డారో దానికి అర్థం కాదు.

ఒక ఉదాహరణ చూడండి. మీరు బజారు నుంచి వచ్చేసరికి కుక్కపిల్ల చెప్పు కొరికి ఉంది. ఎప్పుడో గంట క్రితం కొరికింది. మీరు చెప్పు చూపించి రెండు దెబ్బలు వేశారు. అది తోక ముడుచుకుని మూల నక్కుతుంది. "చూశారా, తప్పు చేశానని దానికి తెలుసు" అంటాం. నిజానికి దానికి తెలిసింది ఒక్కటే: మీరు ఇంటికి వచ్చినప్పుడు దెబ్బలు పడతాయి. రేపటి నుంచి మీరు గేటు తీస్తుంటేనే దానికి భయం మొదలవుతుంది.

కొట్టి పెంచిన కుక్క మాట వింటున్నట్టే కనబడుతుంది. భయం మాత్రం లోపలే ఉంటుంది. భయపడిన కుక్క పారిపోయే దారి ఉంటే పారిపోతుంది, లేకపోతే కరుస్తుంది. అది కూడా కొట్టిన పెద్దవారిని కాక, దగ్గరగా వచ్చిన చిన్నపిల్లవాణ్ణి కరవవచ్చు. కుక్కల ప్రవర్తనపై పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం 2021లో విడుదల చేసిన ప్రకటనలో బహుమానంతో నేర్పే పద్ధతులనే వాడాలని, కొట్టడం, మెడ బిగించడం వంటివి వద్దని స్పష్టంగా చెప్పింది.

ప్రేమకు శరీరంలో కూడా ఆధారముంది. జపాన్ పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో, యజమాని, కుక్క ఒకరి కళ్లలోకి ఒకరు ఎక్కువసేపు చూసుకున్నప్పుడు ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ అనే హార్మోను పెరిగినట్టు తేలింది. తల్లికి, బిడ్డకు మధ్య అనుబంధాన్ని పెంచేదీ ఈ హార్మోనే.

మొదటి నెలలు చాలా ముఖ్యం

కుక్కపిల్లను కనీసం 8 వారాలు తల్లి దగ్గరే ఉంచాలి. తోటి పిల్లలతో ఆడుకుంటూ ఎంత గట్టిగా కొరికితే ఎదుటిదానికి నొప్పి కలుగుతుందో అది అక్కడే నేర్చుకుంటుంది. నెల నిండకుండానే సంచిలో వేసుకుని తెచ్చిన పిల్లకు ఆ పాఠం అందదు.

పుట్టిన మూడో వారం నుంచి సుమారు 14వ వారం వరకు కుక్కపిల్ల మనసు తెరచి ఉంటుంది. ఈ కాలంలో భయం లేకుండా పరిచయమైన వాటిని జీవితాంతం మామూలుగా తీసుకుంటుంది. అందుకే చేతికర్ర పట్టుకున్న తాతయ్య, చీర కట్టుకున్న అమ్మమ్మ, హెల్మెట్ పెట్టుకున్న అబ్బాయి, ఏడ్చే పసిపాప, మిక్సీ చప్పుడు, ఆటో హారన్ అన్నీ కొద్దికొద్దిగా పరిచయం చేయండి. ప్రతిసారీ చిన్న తినుబండారం ఇవ్వండి. భయపడితే దూరం జరపండి, బలవంతం చేయకండి. టీకాలు పూర్తయ్యేవరకు వీధి కుక్కలు తిరిగే చోట నేలమీద వదలకుండా చేతుల్లో ఎత్తుకుని చూపించండి.

ఇంట్లో నేర్పవలసిన పాఠాలు

పాఠం ఒక్కోసారి ఐదు నిమిషాలు మించనక్కర్లేదు. రోజుకు రెండు మూడుసార్లు చాలు. ఉడికించిన కోడిమాంసం లేదా గుడ్డు శనగగింజంత ముక్కలు చేసి దగ్గర పెట్టుకోండి.

1. పేరు: మృదువుగా పేరు పిలవండి. మీ వైపు చూసిన వెంటనే "మంచిది" అని ముక్క పెట్టండి. తిట్టేటప్పుడు మాత్రం ఆ పేరు వాడకండి.

2. రా: నాలుగు అడుగుల దూరం నుంచి మొదలుపెట్టి రోజురోజుకు దూరం పెంచండి. వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక మేలు జరగాలి. పిలిచి కొట్టడం, పిలిచి వెంటనే గొలుసు వేయడం చేస్తే ఇక రాదు. గేటు తెరిచి ఉన్న రోజున, రోడ్డు మీద లారీ వస్తున్నప్పుడు దాని ప్రాణం కాపాడేది ఈ పిలుపే.

3. కూర్చో: ముక్కను దాని ముక్కు దగ్గర పట్టి, నెమ్మదిగా తల మీదుగా వెనక్కి కదపండి. తల పైకెత్తితే నడుము దానంతటదే కిందికి దిగుతుంది. కూర్చున్న క్షణంలోనే ముక్క ఇవ్వండి. నడుము మీద చెయ్యి వేసి నొక్కనక్కర్లేదు. అతిథులు వచ్చినప్పుడు మీద పడకుండా ఉండటానికి ఇదే మందు.

4. మలమూత్రాలు: నిద్ర లేవగానే, తిన్న తరువాత, ఆడిన తరువాత బయటకు తీసుకువెళ్లండి. అక్కడ పని పూర్తి కాగానే మెచ్చుకోండి. ఇంట్లో తడిపితే మాట్లాడకుండా శుభ్రం చేయండి. ముక్కును అందులో రాస్తే అది మీకు కనబడకుండా మంచం కింద పని కానివ్వడం నేర్చుకుంటుంది.

5. గిన్నె దగ్గర: తినేటప్పుడు గిన్నె లాగి పరీక్షించే అలవాటు కొందరికి ఉంది. దానివల్ల "ఈ మనిషి నా తిండి ఎత్తుకుపోతాడు" అన్న అనుమానం పెరుగుతుంది. దానికి బదులు కొంచెం దూరంలో నడుస్తూ, గిన్నెలో ఉన్నదానికంటే రుచికరమైన ముక్క వేసి వెళ్లిపోండి. కొద్ది రోజులకు మనిషి దగ్గరకు వస్తుంటే తోక ఊపుతుంది. ఇది పెద్దవారు చేయవలసిన పని, పిల్లలది కాదు. ఇప్పటికే గిన్నె దగ్గర గుర్రుమనే కుక్క అయితే పశువైద్యుని సలహా తీసుకోండి.

6. ఒంటరిగా ఉండటం: ఆదివారం ఆరాధనకు అందరూ వెళితే ఇంట్లో కుక్క ఒక్కటే ఉంటుంది. మొదట రెండు నిమిషాలు, తరువాత పది నిమిషాలు, ఆ తరువాత గంట, ఇలా అలవాటు చేయండి. నీళ్లు, నీడ, కొరకడానికి ఒక బొమ్మ ఉంచండి.

ఇంట్లో అందరూ ఒకే మాట, ఒకే పద్ధతి పాటించాలి. నాన్న సోఫా ఎక్కనిచ్చి, అమ్మ అదే పనికి చీపురు తిరగేస్తే ఏది సరైనదో కుక్కకు తెలియదు.

రోజంతా గొలుసుతో కట్టేస్తే కుక్క మంచి కాపలా కాస్తుందని కొందరి నమ్మకం. కట్టేసిన కుక్కకు పారిపోయే దారి ఉండదు కాబట్టి దగ్గరకు వచ్చిన ప్రతివారినీ శత్రువుగానే చూస్తుంది. రోజుకు రెండుసార్లైనా విప్పి నడిపించండి.

కుక్క చెప్పే మాట వినండి

కుక్క హఠాత్తుగా కరిచిందంటాం. చాలావరకు అది ముందే చెబుతుంది, మనం వినం. ముఖం పక్కకు తిప్పుకోవడం, ఆకలి లేకున్నా పెదవులు నాక్కోవడం, నిద్ర రాకున్నా ఆవులించడం, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూడటం, చెవులు వెనక్కి వాల్చడం, తోక కాళ్ల మధ్య పెట్టుకోవడం, ఒళ్లు బిగబట్టడం, ఇవన్నీ "నాకు ఇబ్బందిగా ఉంది, వదిలేయండి" అని చెప్పడమే. తోక ఊపే ప్రతి కుక్కా సంతోషంగా ఉన్నట్టు కాదు. ఒళ్లంతా బిగించి, నిటారుగా లేచిన తోకను ఆడిస్తుంటే దూరంగా ఉండండి.

గుర్రుమనడం దాని చివరి హెచ్చరికల్లో ఒకటి. గుర్రుమన్నందుకు కొడితే గుర్రుమనడం మానేస్తుంది కాని, భయం మానదు. తరువాత హెచ్చరిక లేకుండానే కరుస్తుంది. గుర్రుమంటే పిల్లలను వెంటనే దూరం జరపండి. కారణమేమిటో తరువాత ఆలోచించండి. చెవిలో చీము, పంటినొప్పి, కీళ్లనొప్పి ఉన్న కుక్క కూడా ముట్టుకోనివ్వదు. ఎన్నడూ లేనిది చిరాకు పడుతుంటే పశువైద్యునికి చూపించండి.

తల్లిదండ్రులకు మనవి

ఐదేళ్లలోపు పిల్లలను ఎంత మంచి కుక్క దగ్గరైనా పెద్దల తోడు లేకుండా వదలకండి. పిల్లలకు ఈ నాలుగు మాటలు నేర్పండి:

- తింటున్న, నిద్రపోతున్న, పిల్లలకు పాలిస్తున్న కుక్కను ముట్టుకోకూడదు.
- మెడ చుట్టూ చేతులు వేసి కౌగిలించుకోకూడదు, మీద ఎక్కకూడదు, తోక లాగకూడదు.
- తెలియని కుక్క దగ్గరకు వస్తే పరుగెత్తకూడదు. చేతులు దగ్గర పెట్టుకుని, నేల చూస్తూ చెట్టులా నిలబడాలి.
- కుక్క గీరినా, కరిచినా తిట్లు పడతాయని దాచకుండా వెంటనే ఇంట్లో చెప్పాలి.

నాలుగో మాట అన్నిటికంటే ముఖ్యం. భయంతో పిల్లలు దాచిన చిన్న గాటు ప్రాణం మీదకు తేవచ్చు.

తిండి, ఎండ, టీకాలు

ఒట్టి పెరుగన్నం కుక్కకు చాలదు. గుడ్డు, ఎముకలు తీసిన ఉడికించిన మాంసం లేదా చేప కలపండి. ఉప్పు, కారం, మసాలా వద్దు. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కకు విషంతో సమానం. క్రిస్మస్ కేకు ముక్క ప్రేమగా పెట్టేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఉడికించిన ఎముకలు చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి.

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పడం ద్వారానే వేడిని బయటకు పంపుతుంది. మన ఎండాకాలంలో ఉదయం, సాయంత్రం మాత్రమే నడిపించండి. ముందు మీ అరచేయి వెనుకభాగం రోడ్డుకు ఆనించి చూడండి. ఐదు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ కాలతాయి.

పార్వో, డిస్టెంపర్ టీకాలు 6 నుంచి 8 వారాల వయసులో మొదలవుతాయి. రేబీస్ టీకా మూడు నెలలకు వేయించి, తరువాత పశువైద్యుడు చెప్పిన ప్రకారం ప్రతి ఏటా వేయించాలి. నులిపురుగుల మందు కూడా క్రమం తప్పకుండా ఇవ్వాలి. ఆ పురుగుల గుడ్లు మట్టిలో ఆడే పిల్లల కడుపులోకి చేరతాయి. గోమార్లు కనబడితే మందు వాడండి. కుక్కను ముట్టుకున్నాక, అన్నానికి ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

లూయీ పాశ్చర్ 1885 జూలై 6న పిచ్చికుక్క కరిచిన ఒక బాలునికి మొదటిసారి రేబీస్ టీకా వేశారు. ఆ రోజునే ప్రపంచ జూనోసిస్ దినంగా పాటిస్తారు. అప్పుడు చాలా ప్రభుత్వ పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు. మీ ఊరి పశువైద్యశాలలో అడిగి తెలుసుకోండి.

అయినా కరిస్తే ఏం చేయాలి?

గాయాన్ని వెంటనే పంపు కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలపాటు కడగండి. పసుపు, కారం, సున్నం, పసరు ఏదీ పెట్టకండి. గట్టిగా కట్టు కట్టకండి. ఆ తరువాత నేరుగా ఆసుపత్రికి రండి. మంత్రాలకు, నాటుమందుకు తిరుగుతూ ఒక్క రోజు కూడా పోగొట్టుకోకండి. రేబీస్ లక్షణాలు బయటపడ్డాక బతికించడం దాదాపు అసాధ్యం. ముందుగా టీకా వేయించుకుంటే దాదాపు పూర్తి రక్షణ ఉంటుంది.

బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లన్న భయం ఇప్పుడు అవసరం లేదు. ఆ పాత టీకాను మన దేశంలో 2004 డిసెంబరులో ఆపివేశారు. ఇప్పుడు చేతికే ఇస్తారు. చర్మం పొరలోకి అయితే మొదటి రోజు, 3, 7, 28వ రోజుల్లో, కండలోకి అయితే వీటితోపాటు 14వ రోజున కూడా వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా అవసరం.

కొందరు అడిగే ప్రశ్నలు

మా కుక్కకు టీకా వేయించాం. అది కరిస్తే ఇంజెక్షన్ అక్కర్లేదు కదా? ఆ నిర్ణయం డాక్టరుకు వదిలేయండి. కుక్క టీకా కార్డు వెంట తీసుకురండి.

కరిచిన కుక్కను చంపేయాలా? వద్దు. దాన్ని కట్టేసి 10 రోజులు గమనించండి. అది ఆరోగ్యంగా ఉందో లేదో తెలియడం మీ వైద్యానికి ఉపయోగం. కాని ఆ 10 రోజులు గడిచేదాకా టీకా ఆపకండి.

పెద్ద వయసు కుక్క, దెబ్బలు తిన్న వీధి కుక్క మాట వింటుందా? వింటుంది. కాకపోతే సమయం పడుతుంది. మొదటి వారాల్లో దాన్ని ముట్టుకోవడానికి తొందరపడకండి. రోజూ ఒకే వేళకు తిండి పెట్టి, పక్కకు తిరిగి కూర్చోండి. అదే మీ దగ్గరకు వచ్చేదాకా ఆగండి.

"కుక్కకాటుకు చెప్పుదెబ్బ" అని మన సామెత. కాటు పడ్డాక ఆ దెబ్బ వల్ల ఎవరికీ మేలు లేదు. ఈ వారమే మీ కుక్క టీకా కార్డు తీసి తేదీ చూడండి. సాయంత్రం ఐదు నిమిషాలు కేటాయించి, పేరు పిలిచి ఒక ముక్క పెట్టడంతో మొదటి పాఠం మొదలుపెట్టండి.