శిబిరయాత్రకు చాకు: ఉక్కులోని రసాయనం

శిబిరయాత్రకు మడత చాకు కన్న మడవని చాకు మేలు. కీలు వద్ద విరిగితే గాయపడేది చేయే. అలుగు లోహం పిడి చివరి వరకు ఏకఖండంగా సాగినదే కొనండి.

ఇక ఉక్కు. '1095' రకంలో కర్బనం దాదాపు 1 శాతం. సానపై సులభంగా పదునెక్కుతుంది. కాని మామిడికాయ తరిగిన కత్తిపీటలా పులుపు తగిలితే నల్లబడుతుంది, తడి ఆరకుంటే తుప్పు పడుతుంది.

క్రోమియం ఉంటే చాలుననుకోరాదు. 'డి2' ఉక్కులో అది సుమారు 12 శాతమున్నా, కొంత భాగం కర్బనంతో కలిసి కార్బైడులుగా బంధింపబడుతుంది. విడిగా మిగిలిన క్రోమియమే ఆక్సైడు పొరగా ఏర్పడి లోహాన్ని కాపాడగలదు. అందువల్ల సముద్రతీరానికి కర్బనం తక్కువైన '420హెచ్‌సి' స్టెయిన్‌లెస్ ఉక్కే నయం. పదును త్వరగా తగ్గినా, తిరిగి పెట్టడం తేలిక.

తోలు ఒర తేమను పీల్చుకొంటుంది. ఇల్లు చేరగానే చాకును తుడిచి, ఒరకు వెలుపల భద్రపరచండి, పిల్లలకు అందనంత ఎత్తులో.