ఇస్త్రీలో ఆవిరి చేసే పని

ఉతికి ఆరవేసిన నూలు చొక్కా ముడతలు పడి ఉంటుంది. నీళ్లు చిలకరించి ఇస్త్రీ చేస్తే ఆ ముడతలు పోతాయి. పొడిబట్టను ఎంత కాలిన పెట్టెతో రుద్దినా అవి పూర్తిగా పోవు. ఇందుకు కారణమేమి?

నూలు పోగు సెల్యులోజు అనే పదార్థంతో ఏర్పడినది. పొడవైన గొలుసులవంటి దాని అణువులను పక్కపక్కన పట్టి ఉంచేవి ఉదజని బంధాలు. బట్ట తడిసినప్పుడు నీటి అణువులు గొలుసుల నడుమ దూరి ఈ బంధాలను విడదీస్తాయి. పిమ్మట బట్ట ఏ తీరున నలిగి ఆరితే ఆ తీరుననే బంధాలు మళ్లీ ఏర్పడతాయి. ముడత అంటే ఇదే. దానిని పోగొట్టాలంటే బంధాలను తిరిగి సడలించాలి. వేడి ఒక్కటే ఆ పని చేయాలంటే బట్ట మాడేటంత వేడి కావలసివస్తుంది. తేమ తోడైతే అంత అక్కరలేదు.

ఆవిరి ఇస్త్రీపెట్టె ఈ రెండింటినీ ఒకేసారి అందిస్తుంది. ఒక గ్రాము నీటిని 0 నుంచి 100 డిగ్రీల సెంటీగ్రేడుకు కాచడానికి సుమారు 100 కెలోరీలు చాలు. దానిని ఆవిరిగా మార్చడానికి మరో 540 కెలోరీలు కావాలి. ఆవిరి చల్లని బట్టను తాకి నీరుగా మారేటప్పుడు ఈ గుప్తోష్ణమంతా విడుదల అవుతుంది. చేతిని తాకినా ఇదే జరుగుతుంది. అందుచేతనే అంతే బరువుగల మరిగే నీటికన్న ఆవిరి ఎక్కువగా కాలుస్తుంది. ఒంటిమీద ఉన్న బట్టకు ఆవిరి ఎన్నడూ పట్టరాదు. చెయ్యి కాలితే వెంటనే చల్లని కుళాయి ధార కింద 20 నిమిషాలు ఉంచాలి.

ఆవిరి పట్టడంతో పని సగమే అవుతుంది. తేమ ఉండగానే మడిచి బీరువాలో పెడితే కొత్త ముడతలు స్థిరపడతాయి. కనుక చదును చేసిన చోటనే ఆవిరి ఆపి, వట్టి వేడితో మరొకసారి ఒత్తి తేమను పోగొట్టాలి. తరువాత కొంతసేపు తగిలించి చల్లారనివ్వాలి.

పాలియెస్టరు సంగతి వేరు. అది నీటిని దాదాపు పీల్చదు; ఎక్కువ వేడికి కరిగిపోతుంది. బట్టకు కుట్టిన చీటీపై ఇస్త్రీపెట్టె బొమ్మలో ఒక చుక్క ఉంటే వేడి సుమారు 110 డిగ్రీలు, రెండుంటే 150, మూడుంటే 200 మించరాదని అర్థం. ఒక చుక్క బట్టకు ఆవిరి తగదు. తక్కువ వేడి బట్టలతో మొదలుపెట్టి నూలుతో ముగిస్తే నడుమ పెట్టె చల్లారేదాకా ఆగనక్కరలేదు.

కఠినజలంలోని లవణాలు వేడికి పెచ్చులు కట్టి ఆవిరి రంధ్రాలను మూసివేస్తాయి. తెల్లబట్టపై మరకలు చేస్తాయి. పెట్టెతో వచ్చిన సూచనల ప్రకారం నీరు పోసి, పని ముగియగానే ప్లగ్గు తీసి, మిగిలిన నీటిని పారబోయాలి.