విదూషక మత్స్యములకు జంట కుదుర్చుట

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలలలో పత్తి, మిరప పండించు రైతులకు ఆడ మగ భేదము పూవులలో పలు విధములుగా నుండునని తెలిసిన సంగతియే. పత్తి పూవులోను, మిరప పూవులోను కేసరములు, అండకోశము ఒకే చోట ఇమిడి యుండును. గుమ్మడి పాదుమీద మగ పూలు వేరు, ఆడ పూలు వేరు. బొప్పాయిలో తరచుగా చెట్లే వేరు. కాని జంతువుల విషయములో మాత్రము పుట్టుకతో ఆడదైనది కడవరకు ఆడదే, మగదైనది కడవరకు మగదే అని సామాన్యముగా తలంతురు. కోడిపుంజు పెట్టయై గుడ్లు పెట్టగా చూచినవారు లేరు. సముద్రములో ఈ నియమమునకు లొంగని చేపలు పెక్కు కలవు. వానిలో ఒకటి విదూషక మత్స్యము. దీనినే క్లౌన్ చేప అందురు.

నారింజ వన్నె దేహము, దానిపై మూడు తెల్లని పట్టీలు, పట్టీల అంచున నల్లని గీత, తూలుచు తూలుచు సాగు ఈత, ఇవి చూపరులకు నవ్వు పుట్టించును. అందుచేతనే దీనికి ఆ పేరు వచ్చినది. 2003లో వెలువడిన ‘ఫైండింగ్ నీమో’ అను బొమ్మల చలనచిత్రము వలన పిల్లలందరికి ఇది పరిచయమైనది. ఉప్పునీటి తొట్టిలో పెంచదగిన చేపలలో ఇది గట్టిది. కావున సముద్రమునకు దూరముగా నున్న ఇండ్లలో కూడ దీనిని పెంచవలెనను కోరిక కలుగుచున్నది.

చిక్కు జంట విషయములో వచ్చును. కోళ్లను కొనునట్లు ‘ఒక మగది, ఒక ఆడది’ అని అడిగి, చూచుటకు ముచ్చటగా ఒకే పరిమాణము గల రెండు పెద్ద చేపలను కొని తెచ్చి, ఒకే తొట్టిలో విడుతురు. కొన్ని దినములలోనే ఒకటి రెక్కలు చిరిగి, మేత మాని, మూలను నక్కి చచ్చును. రోగము వచ్చినదనుకొని మరొక పెద్ద చేపను తెత్తురు. దాని గతియు అంతే. ఇది రోగము కాదు. ఈ చేపల కుటుంబ ధర్మము తెలియకపోవుట వలన కలిగిన నష్టము.

ఒక గూటి కుటుంబము

విదూషక మత్స్యములలో సుమారు 30 జాతులు కలవు. ఇవి హిందూ మహాసముద్రములోను, పసిఫిక్ మహాసముద్రపు వెచ్చని తీరములలోను నివసించును. అట్లాంటిక్ మహాసముద్రములో లేవు. భారతదేశములో అండమాన్ దీవులు, లక్షద్వీపములు, మన్నారు సింధుశాఖ వీనికి నిలయములు. రామేశ్వరమునకు సమీపమున నున్న మండపం ప్రాంతములో సీబే అను జాతి దొరకును. సూర్యలంక, వాడరేవు, కొత్తపట్నం తీరములు ఇసుక, బురద నేలలు. కృష్ణానది తెచ్చు ఒండ్రుచే అచ్చటి నీరు తరచు కలక బారి యుండును. పగడపు దిబ్బలు లేవు. కావున ఆ తీరము వీనికి అనువైన తావు కాదు.

విదూషక మత్స్యమునకు ఇల్లు సముద్రకుసుమము. ఇది పేరునకు పూవే కాని నిజమునకు జంతువు. రేకులవలె కనిపించు దాని స్పర్శకములలో విషపు ముండ్ల కణములుండును. తాకిన చిన్న చేపలు స్తంభించి దానికి ఆహారమగును. విదూషక మత్స్యపు ఒంటిమీది జిగురుపొర మాత్రము ఆ ముండ్ల కణములను రెచ్చగొట్టదు. అందుచే అది ఆ విషపు తోటలో నిర్భయముగా తిరుగును. వేయికి పైబడిన సముద్రకుసుమ జాతులలో ఈ చేపలకు ఆశ్రయమిచ్చునవి 10 జాతులు మాత్రమే.

ఈ ఆశ్రయము విడిచి చేప దూరము పోజాలదు. పోయినచో పెద్ద చేపల నోట పడును. అనగా, తోడు చనిపోయినచో మరొక తోడును వెదకికొనుటకు దానికి స్వేచ్ఛ లేదు. ఉన్న చోటనే, ఉన్నవారితోనే సంసారము సాగవలెను. ఈ నిర్బంధమునకు ప్రకృతి చూపిన మార్గమే లింగ పరివర్తనము.

ఒక్కొక్క కుసుమమునందు ఒక చిన్న గుంపు ఉండును. అందు అన్నిటికంటె పెద్దది ఆడది. దాని తరువాతిది మగది. ఈ రెండే సంతానము కనును. తక్కినవి ఇంకను ఆడవి కావు, మగవి కావు. వరుసలో తమ వంతుకై వేచియుండు చిన్నవి. ఆడది చనిపోయినచో, రెండవ స్థానములోని మగది క్రమముగా ఆడదిగా మారును. మూడవది త్వరగా పెరిగి మగదగును. ఉమ్మడి కుటుంబములో పెద్ద కాలము చేయగా తరువాతివారు బాధ్యత వహించునట్లు, ఇచ్చట బాధ్యతతో పాటు లింగము కూడ సంక్రమించును. జర్మను శాస్త్రజ్ఞుడు హాన్స్ ఫ్రికె మొదలగువారు 1977లో ‘నేచర్’ పత్రికలో ఈ విషయమును వెల్లడించిరి.

ఈ మార్పు ఎట్లు సాధ్యమగును? మగచేప బీజకోశములో వీర్యమును తయారుచేయు కణజాలముతో పాటు, అండములుగా వృద్ధి కాగల కణజాలము కూడ అణగి యుండును. పై చేప వలన కలుగు ఒత్తిడి తొలగినంతనే మొదట ప్రవర్తన, మెదడు, హార్మోనులు మార్పు చెందుటకు ప్రారంభించును. పిమ్మట బీజకోశములో ముష్కభాగము క్షీణించి అండభాగము వృద్ధి చెందును. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమువారు 2019లో ప్రకటించిన పరిశోధనలో, బీజకోశము మారుటకు ముందే మెదడులోని ఒక భాగము ఆడచేప మెదడువలె మారుచున్నదని తేలినది. ఒకసారి ఆడదైనది మరల మగది కాజాలదు. జంట కుదుర్చువారు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసినది ఈ సంగతియే.

మరియొక విశేషము కలదు. పీటర్ బస్టన్ అను శాస్త్రజ్ఞుడు పాపువా న్యూగినీలో పెర్కులా జాతిని పరిశీలించి, 2003లో తన ఫలితములను ప్రకటించెను. గుంపులోని ప్రతి చేపయు తన పైదాని పొడవులో ఇంచుమించు అయిదింట నాలుగు వంతులకు మించి పెరుగకుండ తన పెరుగుదలను తానే అదుపులో ఉంచుకొనును. పైదానికి సమానమైనచో పోటీదారుగా నెంచి అది దీనిని తరిమివేయును. కనుక చిన్నదిగా నుండుట వీనిలో బలహీనత కాదు, బ్రతుకుటకు ఉపాయము.

తొట్టిలో జంట

జంట కుదుర్చు సూత్రము ఇప్పుడు తేటపడును. మగదానిని ఆడదానిని వెదకి తెచ్చుట కాదు, పెద్దదానిని చిన్నదానిని కలిపి తెచ్చుటయే పద్ధతి. ఒకే జాతికి చెందిన, ఇంకను లింగము ఏర్పడని రెండు పిల్లలను, ఒకటి పెద్దది, ఒకటి స్పష్టముగా చిన్నది, ఎన్నుకొనవలెను. పెద్దది తన అధికారమును స్థాపించుకొని క్రమముగా ఆడదగును. చిన్నది మగదగును.

ఇంతకుముందే ఒక పెద్ద చేప ఒంటరిగా పెరుగుచున్న తొట్టిలో, దానికంటె బాగుగా చిన్నదైన పిల్లనే తెచ్చి విడువవలెను. అట్లు విడుచునపుడు కూడ, మొదట కొన్ని దినములు రంధ్రములు గల పారదర్శకమైన పెట్టెలో ఆ పిల్లనుంచి తొట్టిలో వ్రేలాడదీసినచో మంచిది. రెండును ఒకదానినొకటి చూచుకొనును గాని, కొట్టుకొనుటకు వీలు కలుగదు. రెండు ఆడచేపలను ఎన్నడును కలుపరాదు. వానిలో ఏదియు మగది కాజాలదు గనుక, పోరు ఒకదాని చావుతోనే ముగియును. మూడవ చేపను చేర్చుటయు ప్రమాదమే. జంట కుదిరిన పిమ్మట ఆ రెండును కలిసి మూడవదానిని వేటాడును. చిన్న తొట్టిలో దానికి పారిపోవు చోటు ఉండదు.

కలిపిన తరువాత కొంత తరుముట సహజము. పెద్దది మీదికి వచ్చినపుడు చిన్నది ఒక ప్రక్కకు ఒరిగి ఒళ్లు జలదరింపజేయును. ఇది మూర్ఛ కాదు, ‘నీవే పెద్ద’ అని చెప్పుకొను విధేయత. ఇట్టి జలదరింపు కనిపించిన పిమ్మట తరుముట తగ్గి, రాత్రులందు రెండును ఒకే మూల నిద్రించుచున్నచో జంట కుదిరినట్లే. అట్లుగాక చిన్నది నీటి ఉపరితలమున మూలను నక్కి, రెక్కలు చిరిగి, మేత ముట్టకున్నచో వెంటనే వేరు చేయవలెను. కుదురుటకు కొన్ని దినములు పట్టవచ్చును, కొన్ని వారములును పట్టవచ్చును. గుడ్లు పెట్టుటకు మాత్రము పిల్లల వయస్సును బట్టి ఒక సంవత్సరము, అంతకు మించియు పట్టును. జంట కుదురుటకు సముద్రకుసుమము అవసరము లేదు. ఒక మట్టికుండ పెంకు, నున్నని పలక రాయి ఉన్నను వానినే ఇల్లుగా ఎంచుకొనును.

నీటి సంగతి

ఇంత శ్రద్ధతో కూర్చిన జంట బ్రతుకవలెనన్న నీరు సరిగా నుండవలెను. చినగంజాం ఉప్పు మడులు దగ్గరనే ఉన్నవి గదా, ఆ ఉప్పును నీటిలో కలిపిన సముద్రపు నీరు కాదా అని సందేహము కలుగవచ్చును. కాదు. మడిలో నీరు ఇంకినపుడు గట్టిపడి చేతికి వచ్చునది ప్రధానముగా సోడియం క్లోరైడు. మెగ్నీషియం లవణములు మొదలగునవి అడుగున మిగులు చేదు నీటితో బయటికి పోవును. కిలో సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణములు ఉండగా, అందు సోడియం, క్లోరైడులతో పాటు మెగ్నీషియం 1.3 గ్రాములు, కాల్షియం 0.4 గ్రాములు, పొటాషియం 0.4 గ్రాములు ఉండును. ఇవన్నియు సరియైన పాళ్లలో కలిపి అమ్ము కృత్రిమ సముద్ర లవణమునే వాడవలెను. ఈ జిల్లాల బోరు నీరు పెక్కు చోట్ల కఠినజలము. కావున ఆర్.ఓ. పద్ధతిని శుద్ధి చేసిన నీటిలో లవణమును కరగించుట మేలు. రొయ్యల చెరువుల వారు వాడు సెలైనిటీ మీటరు ఇచ్చటను పనికివచ్చును. వేయింటికి 33 నుండి 35 వంతుల లవణము సరిపోవును.

తొట్టి కనీసము 80 లీటర్లది కావలెను. నీరు పోసిన నాడే చేపలను విడువరాదు. చేపల విసర్జనము నుండి పుట్టు అమ్మోనియా విషము. దానిని ఒక తెగ బాక్టీరియా నైట్రైటుగాను, మరియొక తెగ అంతకంటె హాని తక్కువైన నైట్రేటుగాను మార్చును. ఈ బాక్టీరియా తగినంత వృద్ధి చెందుటకు సాధారణముగా నాలుగు నుండి ఆరు వారములు పట్టును. దిబ్బరొట్ట చివికి సత్తువగా మారువరకు రైతు ఆగునట్లు ఇచ్చటను ఆగవలెను.

ఈ మెట్టనేలలలో రెండు ప్రత్యేక ప్రమాదములు కలవు. మొదటిది ఎండ. మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటును. ఈ చేపలకు 25 నుండి 28 డిగ్రీలు హితము. నీటి ఉపరితలముపై గాలి వీచునట్లు పంకా అమర్చినచో, నీరు ఆవిరియగుచు కొంత చల్లబడును. తడిగుడ్డ చుట్టిన కుండలోని నీరు చల్లనగుటకు కారణమిదియే. అయితే ఆవిరియగునది నీరే గాని ఉప్పు కాదు. కనుక తగ్గిన మేరకు మంచినీటినే పోయవలెను, ఉప్పునీరు పోసినచో లవణము నానాటికి హెచ్చును. వెచ్చని నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరగును. కాబట్టి విద్యుత్తు పోయినపుడు నడుచుటకు బ్యాటరీతో పనిచేయు గాలి పంపు సిద్ధముగా నుంచవలెను.

రెండవది పురుగుమందు. పత్తికి, మిరపకు చల్లు మందులలో పైరిత్రాయిడ్ జాతివి చేపలకు అత్యల్ప మోతాదులోనే ప్రాణాంతకములు. ఇంటిలో దోమలకై చల్లు మందులలో కూడ ఈ జాతి పదార్థములుండును. చేను నుండి వచ్చిన చేతులను శుభ్రముగా కడుగకుండ తొట్టిలో ముంచరాదు. మందు చల్లు దినములలో తొట్టిపై మూత వేసి, గాలి పంపును ఆ గాలి తగులని చోట ఉంచవలెను.

గుడ్లు, సంరక్షణ

వయస్సు వచ్చిన జంట ఒక రాతి ముఖమును నోటితో శుభ్రము చేయుట గుడ్లు పెట్టుటకు సూచన. ఆడది కొన్ని వందల నారింజ వన్నె గుడ్లను దానికి అతికించును. వానిని కాపాడుట ప్రధానముగా మగదాని పని. రెక్కలతో విసరి వానికి గాలి ఆడించును, చెడిన గుడ్లను నోటితో ఏరివేయును. సుమారు ఒక వారమునకు, చీకటి పడిన పిమ్మట గుడ్లు పగిలి పిల్లలు వెడలును. అవి మొదట ఎనిమిది పది దినములు నీటిలో కొట్టుకొనిపోవు సన్నని డింభకములు. వానికి మేత రోటిఫెర్లు అను సూక్ష్మ జీవులు. తొట్టిలో రాలిన మేత వానికి పనికిరాదు. కనుక రోటిఫెర్లను ముందుగా పెంచి ఉంచుకొననివారికి పిల్లలు దక్కుట అరుదు.

1947లో ఏర్పడిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు మండపం కేంద్రములో ఈ చేపలను కృత్రిమముగా పుట్టించి పెంచు పద్ధతులను రూపొందించిరి. ఇట్లు తొట్టిలో పుట్టిన పిల్లలనే అడిగి కొనుట అన్ని విధముల శ్రేయస్కరము. అవి తొట్టి బ్రతుకునకు అలవాటు పడినవి, లింగము ఏర్పడని వయస్సులో దొరకును. సముద్రము నుండి పట్టి తెచ్చునపుడు సామాన్యముగా ముందు కంటబడునది గుంపులోకెల్ల పెద్దది, అనగా ఆడది. అది పోయిన గూటిలో, మగది ఆడదిగా మారి మూడవది పెరుగువరకు గుడ్లు ఉండవు. తొట్టి అలంకరణకు పగడపు ముక్కలను సేకరించుటయు తగదు. పగడములకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద రక్షణ కలదు.

పెర్కులా జాతి ఆడచేప సముద్రములో 30 ఏండ్ల వరకు జీవింపగలదని పరిశోధకుల అంచనా. కాడి ఎద్దు ఆయువు కంటె ఇది ఎక్కువ. తొట్టిలో కూడ సరిగా చూచుకొన్నచో పదేండ్లు దాటి బ్రతుకును. అంతకాలము సాకగల ఓపిక ఉన్నవారే ఈ పనికి పూనుకొనవలెను. నడుమ జంటలో ఒకటి పోయినచో తొందరపడి సమానమైన దానిని తేరాదు. మిగిలినది ఆడదైనను, మగదైనను, కొత్తగా వచ్చునది దానికంటె చిన్న పిల్లయై యుండవలెను. మిగిలినది మగదైనచో తానే ఆడదగును, వచ్చినది మగదగును. ఈ ఒక్క నియమము తెలిసినవారి తొట్టిలో చేప అకారణముగా చావదు.