పికప్ ఏసీ కంప్రెసర్ మార్చాలంటే 9,500 ఆ? 21,500 ఆ? బిల్లు చదవడం నేర్చుకుందాం

ఈ ఎపిసోడ్ ఇంట్లో పికప్ బండి ఉన్నవాళ్ల కోసం. "ఏసీ కంప్రెసర్ పోయింది, మార్చాలి" అని మెకానిక్ అన్నాడనుకోండి. ఎంత అవుతుంది? ఆ బిల్లులో ఏది నిజంగా అవసరం?

ముందు ఒక చిన్న విషయం. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే ఎన్2, ఎన్3 కేటగిరీ లారీల క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి చేశారు. లోడుతో కలిపి మొత్తం బరువు 3.5 టన్నులు దాటితేనే ఎన్2. మన చిన్న పికప్‌లు చాలావరకు అంతకంటే తక్కువే కాబట్టి వాటికి ఈ రూల్ వర్తించదు. వాటిలో ఏసీ కావాలంటే మనమే అడిగి కొనుక్కోవాలి.

మా బాబాయ్‌ది అలాంటి ఏసీ పికప్పే. మామిడి సీజన్‌లో నూజివీడు నుంచి బాటసింగారం మార్కెట్‌కి లోడ్లు వేస్తాడు. మే నెలలో, సరిగ్గా సీజన్ మధ్యలో, ఏసీ ఆగిపోయింది. రెండు షాపుల్లో అడిగితే ఒకాయన 9,500 అన్నాడు, ఇంకొకాయన 21,500 అన్నాడు. రెండు కొటేషన్లూ నాకు వాట్సాప్‌లో పెట్టి, "ఒరేయ్, వీళ్లిద్దర్లో ఎవరు మోసం చేస్తున్నార్రా?" అని అడిగాడు.

నేను తిరిగి అడిగిన మొదటి ప్రశ్న: అసలు పోయింది కంప్రెసరేనా?

కంప్రెసర్ ఇంజిన్ బెల్టుతో తిరుగుతుంది. దాని ముందు ఒక కరెంట్ క్లచ్ ఉంటుంది. ఏసీ ఆన్ చేయగానే "టక్" మని పట్టుకుంటుంది. ఆ టక్ వినపడకపోతే కంప్రెసర్ బాగానే ఉండి ఫ్యూజు, రిలే, లేదా క్లచ్ కాయిల్ పోయి ఉండొచ్చు. గ్యాస్ లీకై తగ్గిపోయినా ప్రెషర్ స్విచ్ క్లచ్‌ని పట్టనివ్వదు. వీటిలో ఏదైనా కంప్రెసర్ కంటే చాలా తక్కువలో తేలే పని. గేజ్ పెట్టి ప్రెషర్, మీటర్ పెట్టి కరెంట్ చూడకుండా "కంప్రెసర్ పోయింది" అంటే ఒప్పుకోకండి.

బాబాయ్ బండిలో క్లచ్ పడుతోంది, కానీ లోపల గరగరమని శబ్దం. ప్రెషర్ పెరగట్లేదు. అంటే నిజంగానే కంప్రెసర్ పోయింది.

ఇప్పుడు రెండు కొటేషన్లూ విడదీసి చూద్దాం. మొదటిది: రీబిల్డ్ చేసిన కంప్రెసర్ 6,500, గ్యాస్ 1,500, లేబర్ 1,500. రెండోది: కొత్త కంప్రెసర్ 13,500, రిసీవర్ డ్రయ్యర్ 1,100, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ 1,200, ఓ-రింగులు, ఆయిల్ 700, పైపుల ఫ్లషింగ్ 1,000, గ్యాస్ 1,600, లేబర్ 2,400. మీ ఊళ్లో, మీ బండికి ఈ రేట్లు మారతాయి. మీరు చూడాల్సింది లిస్టులో ఏమేం ఉన్నాయన్నది.

తేడా 12,000. అందులో 7,000 కొత్తదానికి, రీబిల్డ్‌కి మధ్య తేడా. అది మన బడ్జెట్‌ని బట్టి. గ్యాస్, లేబర్ తేడా 1,000. మిగిలిన 4,000 మాత్రం డ్రయ్యర్, వాల్వ్, ఆయిల్, ఫ్లషింగ్. అసలు కథంతా ఈ 4,000లోనే ఉంది.

ఎందుకంటే కంప్రెసర్ లోపల అరిగిపోయినప్పుడు ఇనప రజను, అల్యూమినియం పొడి ఆయిల్‌తో కలిసి సిస్టమ్ అంతా తిరుగుతుంది. కొత్తది బిగించి గ్యాస్ కొడితే ఆ చెత్తంతా మళ్లీ దాంట్లోకే వెళ్తుంది. డ్రయ్యర్ పని తేమని పీల్చుకోవడం. సిస్టమ్ విప్పితే గాల్లో తేమ లోపలికొస్తుంది, పాత డ్రయ్యర్ దాన్ని ఆపలేదు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు చూశా, బగ్ ఎక్కడుందో వెతక్కుండా సర్వర్ రీస్టార్ట్ చేస్తే గంటలో మళ్లీ పడిపోయేది. ఇదీ అంతే.

ఒక హెచ్చరిక. రజను బాగా ఎక్కువుంటే కండెన్సర్ కూడా మార్చాల్సి రావచ్చు. ఇప్పటి కండెన్సర్లలో గొట్టాలు చాలా సన్నం, ఫ్లషింగ్‌తో పూర్తిగా శుభ్రం కావు. ఆ మాట నిజమో కాదో తేల్చుకోవాలంటే వాల్వ్ విప్పించి, లోపలి ఆయిల్ తెల్ల గుడ్డ మీద తుడిచి చూపించమనండి. మెరిసే పొడి కనిపిస్తే ఖర్చు న్యాయమే.

బాబాయ్‌కి నేను చెప్పింది: ఇద్దరిలో ఎవరూ మోసం చేయట్లేదు, కానీ మొదటాయన లిస్టు సగమే ఉంది. ఆయన్నే ఆ 4,000 పనులు కూడా కలిపి చేయమన్నాం. మొత్తం 13,500 అయింది. రీబిల్డ్‌కి ఆరు నెలల వారంటీ బిల్లు మీద రాయించుకున్నాం. 9,500తో సరిపెట్టి అది మళ్లీ పోతే ఇంకో 9,500, పైగా లోడు ఆగిపోతుంది. మామిడికాయ మన రిపేర్ అయ్యేదాకా ఆగదు కదా.

కాబట్టి గ్యారేజీలో నాలుగు ప్రశ్నలు అడగండి. ఒకటి, పాతది ఎందుకు పోయింది? రెండు, డ్రయ్యర్ మారుస్తున్నారా? మూడు, గ్యాస్ కొట్టే ముందు వ్యాక్యూమ్ ఎంతసేపు పెడతారు? కనీసం అరగంట పెట్టాలి, లీకుందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. నాలుగు, గ్యాస్ తూకం వేసి ఎక్కిస్తారా? ఎన్ని గ్రాములో చాలా బండ్లకి బానెట్ కింద స్టిక్కర్ మీదే ఉంటుంది. ఎక్కువైనా కంప్రెసర్‌కే దెబ్బ.

పాత కంప్రెసర్ మాత్రం అక్కడే వదిలేసి రాకండి. దానికీ రేటుంటుంది, బిల్లులో తగ్గించమనండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.