ఆకు లెక్క వంట... పెట్టె లెక్క టమోటా

రాత్రి రెండు గంటలు. తెల్లారితే ముహూర్తం. పెళ్ళివాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ నిద్రలో ఉంటారు. కల్యాణ మండపం వెనక రేకుల షెడ్డులో మాత్రం లైటు వెలుగుతుంటుంది. ఎర్రగడ్డలు తరిగే ఆడవాళ్ళు నలుగురు, టెంకాయ తురిమే పిల్లోడొకడు, పొడుగాటి గంటె పట్టుకుని పొయ్యి దగ్గర ఒకాయన. ఆయనే వంట మాస్టరు. రిసెప్షన్‌లో ఆఖరి బంతి లేచేసరికి పదకొండు దాటింది. ఆరున్నరకల్లా ఇడ్లీ, పొంగలి వడ్డనకు రావాలి. ఈ మధ్యలో ఆయన నడుం వాల్చేది బియ్యం మూటల మీదే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పెళ్ళి వంటలు చేసేవాళ్ళలో చాలామందికి ఊళ్ళో ఎకరమో అరెకరమో సేద్యం కూడా ఉంటుంది. ముహూర్తాలున్నప్పుడు గంటె, లేనప్పుడు పార. రైతుల పేజీలో వంట మాస్టరు ముచ్చట ఎందుకంటారా? టమోటా, రాగి, అనపకాయ పండించే రైతుకు ఊళ్ళోనే ఉన్న పెద్ద గిరాకీ ఈయనే. పైగా రైతును పీడించే ధరల జబ్బు ఇప్పుడు ఈయనకూ అంటుకుంది.

పట్టీ పోయింది

వెనకటికి పెళ్ళి కుదరగానే ఇంటి పెద్ద మాస్టరు దగ్గరికి పోయి, తాంబూలంలో అడ్వాన్సు పెట్టి ఇచ్చేవారు. ఎంతమంది జనమో కనుక్కుని మాస్టరు సరుకుల పట్టీ రాసిచ్చేవాడు. కిలో బియ్యానికి ఏడెనిమిది మంది, దాన్నిబట్టి కందిపప్పు, చింతపండు, చెనక్కాయ నూనె. ఆ పట్టీ జేబులో పెట్టుకుని పెళ్ళివాళ్ళే సంతకు పోయేవారు. ఎర్రగడ్డల ధర మండినా, నూనె డబ్బా ఎగిరినా ఆ భారం వాళ్ళదే. మాస్టరుది కూలి లెక్క. ఇంటి ముందర గాడిపొయ్యి తవ్వి, చింతమొద్దులు ఎగదోసి, పొగలో కళ్ళు నలుపుకుంటూ వండి పెట్టి, పంచె పైన పెట్టిన కూలి తీసుకుని పోయేవాడు.

ఇప్పుడు పొగ తగ్గింది. 19 కిలోల కమర్షియల్ సిలిండర్లు వచ్చాయి. పట్టీ కూడా దాదాపు పోయింది. ‘ఆకుకు ఇంత’ అని మూడు నెలల ముందే మాట్లాడుకుంటున్నారు. సరుకులు, గ్యాసు, వడ్డించేవాళ్ళ కూలి, అరిటాకులు, నీళ్ళ సీసాలు అన్నీ మాస్టరు నెత్తినే. బయటికి చూస్తే ఆయన కాంట్రాక్టరు అయ్యాడు. లోపల చూస్తే, రేటు ముందే రాసిచ్చి సరుకు ధర దేవుడికి వదిలేసినవాడు అయ్యాడు. మాట ఇచ్చాక ధర పెరిగిందని ఆకుకు పది రూపాయలు ఎక్కువడిగితే, మళ్ళీ ఆ ఊళ్ళో ఎవరూ పిలవరు.

2023 సంగతి చూడండి

సాంబారు, రసం, టమోటా బాత్, ఒక కూర ఉన్న పెళ్ళిలో ఐదు వందల ఆకులకు 25 కిలోల పెట్టెలు రెండైనా కావాలి. పెట్టె మూడు వందలుంటే ఆరు వందలతో పని అయిపోతుంది. 2023 జూలై ఆఖరులో మదనపల్లె మార్కెట్లో మేలురకం టమోటా కిలో రెండొందల దాకా పోయింది. అవే రెండు పెట్టెలకు పదివేలు! ఆ నెలలో ఉత్తర, తూర్పు రాష్ట్రాల్లో మెక్‌డొనాల్డ్స్ హోటళ్ళే చాలాచోట్ల టమోటా ముక్క వేయడం మానుకున్నాయి.

అయితే పెళ్ళి వంటవాళ్ళను ఆ ఏడాది పంచాంగం కాపాడింది. ఆషాఢం పోయిందనుకుంటే, జూలై 18 నుంచి ఆగస్టు 16 దాకా అధిక శ్రావణం వచ్చి పడింది. ముహూర్తాలే లేవు. నిజ శ్రావణం మొదలయ్యేనాటికి ధర దిగడం మొదలైంది. సెప్టెంబరులో మరీ కూలిపోయి, కోత కూలి కూడా రాక పారబోసుకున్న రైతులున్నారు. తప్పించుకోలేనిది హోటళ్ళలో, హాస్టళ్ళలో వండేవాళ్ళు. ప్లేటు భోజనం ధర రాత్రికి రాత్రి పెంచలేరు, రసం మానలేరు. అప్పుడు వాళ్ళను ఆదుకున్నది చింతపండే. టమోటా సముద్రాలు దాటి వచ్చిన పంట. అది రాకముందు మన పులుసులన్నీ చింతపండు మీద, చింతచిగురు మీద, మామిడికాయ మీద నిలబడ్డవే కదా. పాత వంటవాళ్ళకు ఆ చేయి ఇంకా పోలేదు. కొత్తగా పనిలోకి వచ్చిన పిల్లలకే టమోటా లేనిది తాళింపు తోచదు.

పండినవి ఎవరికి కావాలి?

మండీలో వేలం పాడే వ్యాపారికి దోరకాయ కావాలి. లారీలో రెండు మూడు రోజులు ప్రయాణం చేసి దూర రాష్ట్రాలకు చేరాలి గనక తోలు గట్టిగా ఉండాలి. తీగమీదే ఎర్రగా పండి మెత్తబడిన కాయకు ఆ వేలంలో విలువ లేదు. మాస్టరుకు కావలసింది సరిగ్గా ఆ కాయే! రేపు పొద్దున రసంలో పిసికేదానికి గట్టికాయతో ఏం పని? పండినదైతే రంగు దిగుతుంది, పులుపూ తీపీ రెండూ ఇస్తుంది. నాటి రకమైతే ఇంకా మేలు. ముహూర్తం తేదీ ఆయనకు నెలల ముందే తెలుసు. తోటలో కోత ఎప్పుడొస్తుందో రైతుకు తెలుసు. ఈ ఇద్దరూ మాట్లాడుకుని ఒక మధ్యస్థ ధరకు ఒప్పుకుంటే, ధర పడినప్పుడు రైతుకు, పెరిగినప్పుడు మాస్టరుకు ఊరట. వంద పెట్టెలు కోసే రైతు కష్టమంతా దీంతో తీరదు, నిజమే. మూడో రకం కింద పోయే నాలుగు పెట్టెలకు మాత్రం డబ్బులొస్తాయి. కొన్నిచోట్ల ఇది జరుగుతూనే ఉంది, కాకపోతే మొహమాటం మీద నడుస్తోంది. చీటీ మీద రాసుకుంటే మంచిది.

టమోటా ఒక్కటే కాదు. ఒకప్పుడు పెళ్ళిలో సంగటి పెడితే నామోషీ అనుకునేవాళ్ళు. ఇప్పుడు రిసెప్షన్లో సంగటి, నాటుకోడి పులుసు కావాలని అడిగి మరీ చేయించుకుంటున్నారు. వండేవాళ్ళకు ఇది చాకిరీ. బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండి కుప్పగా పోసి, కదపకుండా మూతపెట్టి, పిండి ఉడికిన తర్వాత ఇద్దరు మనుషులు కట్టెలతో కెలకాలి. ఉండ కడితే పేరు పోతుంది. చల్లారితే గట్టిపడుతుంది గనక బంతి బంతికీ వేరే వండాలి. రాగులకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 2024-25లో క్వింటాలుకు రూ.4,290, 2025-26కు రూ.4,886. వానాధారం చేలకు ఇది తీసివేయదగ్గ పంట కాదు.

చలికాలంలో పితికిపప్పు సంగతి మరోటి. అనపగింజలు రాత్రంతా నానబెట్టి, వేళ్ళతో ఒక్కొక్కటే పితికి తోలు తీయాలి. వందలమందికి ఆ పని ఎవరు చేస్తారని మాస్టర్లు ఒప్పుకోరు. పక్కనున్న కన్నడవాళ్ళు దీన్నే హితకిద అవరెబేళె అంటారు. బెంగళూరు వీధుల్లో పితికి సిద్ధంగా అమ్ముతారు. కుప్పం వైపు ఆడవాళ్ళ సంఘాలు ఆ పని పట్టుకుంటే కొనేవాళ్ళున్నారు.

ఇంటికొచ్చాక

రోజంతా నూనె ఆవిరిలో నిలబడ్డ మనిషికి ఆకలి చచ్చిపోతుంది. జనమంతా తిని లేచాక మాస్టరు తినేది ఇంత మజ్జిగన్నం, ఊరగాయ బద్ద. ఆయన వండిన ఓళిగ ఆయన నోట్లోకి పోయేది అరుదు. ముహూర్తాల రోజుల్లోనే చుట్టాల పెళ్ళిళ్ళూ ఉంటాయి గనక సొంత మేనకోడలి పెళ్ళికైనా భార్యను పంపి తను రాననాల్సిందే. ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఖాళీ. మూఢం వస్తే అంతే సంగతి. మొక్కుబడులకు నెలల లెక్క లేదు గనక బోయకొండ గంగమ్మ దగ్గర పొయ్యి పెట్టే కుటుంబాలు పిలిస్తే కొన్ని రోజులు గడుస్తాయి. మిగతాది చేనే.

మోకాళ్ళు అరిగేది, సాంబారు అండా దించేటప్పుడు చేయి కాలేది ఎవరి ఖాతాలోనూ పడదు. ఏడాదికి రూ.20 కడితే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది. ప్రమాదంలో ప్రాణం పోయినా, పూర్తిగా అంగవైకల్యం వచ్చినా రెండు లక్షలు. కాలిన చేతికి మందుల ఖర్చు మాత్రం ఇందులో రాదు. 2021లో వచ్చిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో వంట పనివాళ్ళూ పేరు రాయించుకోవచ్చు. ఎర్రగడ్డలు తరిగే ఆడవాళ్ళ పేర్లు ముందు రాయించాలి. వాళ్ళకు కూలీ తక్కువే, రాత్రి నిద్రా లేదు.

మాస్టర్ల కొడుకుల్లో కొందరు కుప్పంలో రైలెక్కి బెంగళూరు హోటళ్ళకు పోతున్నారు. అక్కడ నెల జీతం, తలకు తెల్లటోపీ. తండ్రి మాత్రం ఆకు లెక్క రాసుకున్న పాత నోటుబుక్కు తిరగేస్తూ, వచ్చే లగ్గానికి పండుకాయ ఎవరి తోటలో దొరుకుతుందో ఆరా తీస్తున్నాడు.